చెట్టు మొద్దు మీద, పాతిన దుంగల మీద పుట్టగొడుగులు పెంచడం: కట్టె కొట్టడం నుంచి కోత దాకా

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ దగ్గర. పెరటి చివర నీడలో నేలలోకి సగం దిగి ఉన్న దుంగలు చూసిన వాళ్లందరూ ముందు "ఇదేంటి, కంచె వేసి మధ్యలో ఆపేశారా?" అంటారు. వాటి మీద గుత్తులు గుత్తులుగా ఆయిస్టర్ పుట్టగొడుగులు చూశాక మాత్రం ఎలా చేశారో చెప్పమంటారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ఇందులో ఒళ్లు వంచి చేసే పని రెండు మధ్యాహ్నాలది. తర్వాత ఏడాది, ఏడాదిన్నర పాటు మనం చేసేదల్లా దుంగ ఎండిపోకుండా చూసుకోవడమే. నేలలో పాతేది కూడా అందుకే: మట్టిలోని తేమని దుంగ కింది నుంచి తనే పీల్చుకుంటుంది, మనం నెలరోజులు ఇండియా వెళ్లినా సరే.

1. ఏ పుట్టగొడుగుకి ఏ కట్టె

ఇక్కడ తప్పు చేస్తే తర్వాత దిద్దుకోవడానికి ఏమీ ఉండదు, కాబట్టి తొందరపడకండి.

పైన్, సీడర్ లాంటి సూది ఆకుల చెట్లు వదిలేయండి. బ్లాక్ వాల్‌నట్, బ్లాక్ లోకస్ట్ కూడా వద్దు. ఓక్, మేపుల్, బీచ్, స్వీట్‌గమ్, ట్యూలిప్ పాప్లర్ లాంటివి పనికొస్తాయి. స్వీట్‌గమ్ అంటే తెలియకపోతే, పెరట్లో చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి గుచ్చుకునే ముళ్ల కాయలు రాల్చే చెట్టు, అదే.

- ఆయిస్టర్: ట్యూలిప్ పాప్లర్, స్వీట్‌గమ్, మేపుల్. వేగంగా పాకుతుంది, మన తప్పులు కొన్ని భరిస్తుంది. దుంగకైనా, మొద్దుకైనా (చెట్టు కొట్టాక వేళ్లతో నేలలో మిగిలే మోడు) మొదటిసారి ఇదే పెట్టండి.
- షిటాకే: ఓక్, స్వీట్‌గమ్. స్వీట్‌గమ్ మీద త్వరగా మొదలై త్వరగా అయిపోతుంది, ఓక్ మీద ఆలస్యంగా మొదలై ఎక్కువ ఏళ్లు కాస్తుంది.
- లయన్స్ మేన్: ఓక్, బీచ్, మేపుల్. రుచికి దీన్ని మించింది లేదంటాను, కానీ ఒక్కో ఏడాది మొహం చాటేస్తుంది.
- మైటాకే: ఓక్ మాత్రమే. దీని పద్ధతే వేరు, 7వ భాగం చూడండి.
- చికెన్ ఆఫ్ ద వుడ్స్: ఓక్ మొద్దు. చాలా నెమ్మది, పైగా కొందరి కడుపుకి పడదు.

షిటాకేని మొద్దు మీద పెట్టొద్దు, నేలలో పాతొద్దు. అది నెమ్మదిగా పాకే రకం. మట్టిలోని వేరే శిలీంధ్రాలు వేళ్ల దారిన, పాతిన చివర దారిన లోపలికి దూరి ముందే చోటు పట్టేసుకుంటాయి. షిటాకే దుంగల్ని నేలకి తగలకుండా ఒక పాలెట్ (సరుకులు పెట్టే చెక్క చట్రం) మీద పేర్చండి, లేదా నీడలో తీగకి ఆనించి నిలబెట్టండి. పాతడం అనేది ఆయిస్టర్, లయన్స్ మేన్, మైటాకేల కోసం.

"చిన్నప్పుడు మా ఊళ్లో తొలకరికి పుట్టల మీద వచ్చేవి పెంచలేమా?" అని ప్రతి పదిమందిలో ఇద్దరు అడుగుతారు. పెంచలేం. అవి చెదపురుగులతో కలిసి బతికే జాతి, పుట్ట లోపల చెదలే వాటిని సాగు చేస్తాయి. దుంగకీ వాటికీ సంబంధం లేదు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

చెట్టు ఆకు రాల్చాక, మళ్లీ మొగ్గ ఉబ్బకముందు కొట్టాలి. మాకైతే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. ఆ రోజుల్లో కట్టెలో చక్కెరలు నిండుగా ఉంటాయి, బెరడు గట్టిగా అతుక్కుని ఉంటుంది. వసంతంలో రసం పైకి ఎక్కుతున్నప్పుడు కొడితే బెరడు అట్టలాగా ఊడి వస్తుంది. బెరడు పోయిందంటే దుంగకి చర్మం పోయినట్టే, తేమ నిలవదు.

కొట్టాక రెండు వారాలు ఆగి, ఆరు వారాల లోపు విత్తనం (పుట్టగొడుగు పాకించిన చెక్క మేకులు లేదా పొట్టు, 4వ భాగంలో చెప్తాను) పెట్టేయాలి. చలికాలం చివర్లో కొట్టిన కట్టెకి మేము ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో పెడతాం. మరీ గడ్డకట్టే చలి తగ్గాలి, అంతే. 4 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య మైసీలియం (కట్టెలోకి పాకే పుట్టగొడుగు తెల్లటి దారాలు) పాకుతూనే ఉంటుంది, 22–25 దగ్గర బాగా పరిగెడుతుంది.

3. కట్టె తెచ్చుకోవడం

నా మొదటి ఏడాది మొత్తం ఇక్కడే పోయింది. రోడ్డు పక్కన పొయ్యి కట్టెలు అమ్మే చోట ఓక్ దుంగలు చవగ్గా దొరికాయని కారు నిండా తెచ్చాను. చివర్లలో గీతలు గీతలుగా పగుళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, అవేంటో నాకు తెలియదు. అవి ఎండిన గుర్తు. పద్నాలుగు నెలలు నీళ్లు పోశాను, ఒక్కటి కూడా రాలేదు. ఎండి చచ్చిన కట్టె మళ్లీ నీళ్లలో నానబెట్టినా పచ్చిదవదు, అప్పటికే వేరే బూజులు దిగిపోయి ఉంటాయి.

పక్కింటివాళ్లు చెట్టు కొట్టిస్తున్నప్పుడు అడగడం అన్నిటికన్నా మేలు. కొట్టేవాళ్లకి ఎత్తుకుపోయే బరువు తగ్గుతుంది కాబట్టి సంతోషంగా ఇస్తారు, కావలసిన పొడవుకి కోసి కూడా పెడతారు.

కట్టె చూసుకునే పట్టీ:

- బతికున్న, జబ్బు లేని చెట్టుదేనా? ఎండిపోయిందని కొట్టించినది వద్దు.
- కొట్టిన తేదీ తెలుసా?
- బెరడు చుట్టూ చెక్కుచెదరకుండా ఉందా?
- మందం 4 నుంచి 8 అంగుళాలు, పొడవు 3 అడుగుల చుట్టుపక్కల ఉందా? అంతకన్నా పెద్దదైతే మోయలేరు.
- చివర్లలో పగుళ్లు లేవు కదా?
- నడిమి చేవ తక్కువగా, దాని చుట్టూ తెల్ల చెక్క ఎక్కువగా ఉందా? పుట్టగొడుగు తినేది ఎక్కువగా ఆ తెల్ల చెక్కనే.

తెచ్చిన దుంగల్ని నీడలో పెట్టండి. గరాజ్‌లో కాదు, అక్కడ ఎండిపోతాయి.

4. సరంజామా

విత్తనం రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి చెక్క మేకులు: అంగుళం పొడవున్న చిన్న చెక్క ముక్కల మీద మైసీలియం పాకించి సంచిలో ఇస్తారు. రెండోది రంపపు పొట్టు విత్తనం. నాలుగైదు దుంగలకైతే మేకులే సులువు, బెజ్జంలోకి దించడానికి సుత్తి ఉంటే చాలు. ఇరవై దుంగలు దాటితే పొట్టు చవక, త్వరగా పాకుతుంది కూడా, కానీ దాన్ని బెజ్జంలోకి కూరడానికి ఇత్తడి పనిముట్టు ఒకటి కొనుక్కోవాలి.

- విత్తనం (వచ్చిన రోజునే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు)
- మేకులకి 5/16 అంగుళం డ్రిల్ బిట్, పొట్టుకి 7/16
- కరెంటుతో నడిచే డ్రిల్లు (బ్యాటరీ డ్రిల్లు పదో దుంగకి పడుకుంటుంది)
- సుత్తి
- చీజ్ మైనం లేదా తేనెమైనం, అది కరిగించడానికి ఇంకెప్పుడూ వంటకి వాడని గిన్నె, చిన్న బ్రష్
- అల్యూమినియం చీటీలు: ఏ పుట్టగొడుగు, ఏ కట్టె, ఏ తేదీ

చీటీ అనవసరం అనుకుంటారు. మూడేళ్లయ్యాక ఏది ఏదో మీకే తెలియదు. పుట్టగొడుగుల్లో "ఇదేదో గుర్తులేదు" అనే మాట ప్రమాదం.

5. దుంగలో విత్తనం పెట్టడం

5.1. దుంగని రెండు కట్టెల మధ్య దొర్లకుండా పెట్టండి. నాచు, మట్టి ఉంటే బ్రష్‌తో దులపండి. కడగక్కర్లేదు.

5.2. బిట్ కొస నుంచి ఒకటింపావు అంగుళం దగ్గర టేపు చుట్టండి. అంతవరకే లోపలికి పోవాలి. మేకు అంగుళమే, కింద కొంచెం ఖాళీ ఉంటే మైసీలియం అక్కడ నుంచి పుంజుకుంటుంది.

5.3. పొడుగునా ఆరేసి అంగుళాలకి ఒక బెజ్జం వేయండి. తర్వాత దుంగని కొంచెం తిప్పి, రెండు మూడు అంగుళాల పక్కన ఇంకో వరస. ఈ వరసలో బెజ్జాలు పై వరస బెజ్జాల మధ్యలోకి రావాలి, మన ముగ్గులో చుక్కల్ని సందుచుక్క పెట్టినట్టు. దుంగ మందం ఎన్ని అంగుళాలో దాదాపు అన్ని వరసలు. మూడడుగుల దుంగకి నలభై దాకా మేకులు పడతాయి. తక్కువ పెట్టి పొదుపు చేద్దామనుకోకండి, ఖాళీ వదిలిన చోటుకి ఇంకో బూజు వస్తుంది.

5.4. బెజ్జాలు వేసిన గంటలోపే మేకులు కొట్టేయండి. ఇవాళ బెజ్జాలు, రేపు మేకులు అని పెట్టుకోవద్దు. మేకు బెరడుతో సమానంగా దిగాలి, పైకి పొడుచుకు రాకూడదు.

5.5. వెంటనే మైనం. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే మెట్టు. మైనం కరిగితే చాలదు, బాగా వేడెక్కాలి. నాకు గుర్తు ఏమిటంటే, పచ్చి బెరడు మీద బ్రష్ పెట్టగానే పోపులో ఆవాలు వేసినట్టు చిన్నగా చిటపటమనాలి, మైనం పల్చగా, మెరుస్తూ, గాజు పూసినట్టు పాకాలి. చల్లారిన మైనం తెల్లగా, మందంగా, అట్టకట్టినట్టు పడుతుంది, వారం తిరక్కుండా పెచ్చుగా ఊడిపోతుంది. మరీ పొగలు వచ్చేదాకా ఉంచకండి, నిప్పంటుకుంటుంది. స్టవ్ దగ్గర ఒకరు నిలబడే ఉండాలి, మా ఇంట్లో ఆ డ్యూటీ మా ఆయనది.

కోసిన రెండు చివర్లకి మైనం వేయాలా అని అడుగుతారు. పాతే దుంగకి కింది చివర అస్సలు వేయకండి, తేమ ఎక్కాల్సింది అక్కడి నుంచే. పై చివరకి ఎండ తగిలే చోటైతే పల్చగా వేయండి.

5.6. చీటీ కొట్టండి. ఇప్పుడే.

6. పాతడం

విత్తనం పెట్టగానే పాతేవాళ్లు ఉన్నారు, వాళ్లకీ వస్తుంది. నేను మాత్రం రెండు మూడు నెలలు నీడలో, నేలకి ఆరంగుళాల పైన దుంగల్ని దగ్గరగా పేర్చి, పైన గోనెపట్టా కప్పి ఉంచుతాను. ఈలోగా మైసీలియం బెరడు కింద కుదురుకుంటుంది. అప్పుడు పాతితే మట్టిలోంచి వచ్చేవాటికి చోటు దొరకదు.

చోటు ఎంచుకోవడం: ఏడాది పొడవునా నీడ ఉండాలి. ఆకు రాల్చే చెట్ల కింద ఎండాకాలం బాగానే ఉంటుంది, చలికాలం ఎండ నేరుగా కొడుతుంది. ఇంటికి ఉత్తరం వైపు, లేదా పైన్ చెట్ల కింద మంచిది. నీళ్ల పైపు అందాలి. గాలి ఈడ్చి కొట్టే చోటు వద్దు.

ఇంకో సంగతి, ఇంటి గోడకి ఆనించి ఎట్టి పరిస్థితిలోనూ పాతకండి. ఈ ప్రాంతంలో నేలలోంచి వచ్చే చెదలు ఎక్కువ. నేలలో పాతిన చెక్క అంటే వాటికి పెళ్లి భోజనం. మావి ఇంటికి నలభై అడుగుల దూరంలో ఉంటాయి. హెచ్‌ఓఏ (కాలనీ నియమాలు చూసే ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న చోటైతే రోడ్డుకి కనపడకుండా చూసుకోండి, మీ టెన్షన్ తగ్గుతుంది.

నిలువుగా పాతడం:

- మూడడుగుల దుంగకి అడుగు లోతు గొయ్యి, దుంగకన్నా నాలుగంగుళాలు వెడల్పు.
- అడుగున రెండంగుళాలు ఇసుక, పాత చెక్కపొట్టు కలిపి వేయండి.
- దుంగ దించి, చుట్టూ అదే మిశ్రమం, పైన మట్టి. కాలితో గట్టిగా తొక్కండి, ఊగకూడదు.
- దుంగ మొదలు చుట్టూ మట్టి చిన్న దిబ్బలా ఎత్తు చేయండి.
- దుంగకీ దుంగకీ మధ్య అడుగున్నర. కోసేటప్పుడు చెయ్యి పట్టాలి.

ఆ దిబ్బ ఎందుకంటే, మాది ఎర్రమట్టి. చూస్తే మన ఊరు గుర్తొస్తుంది కానీ ఇది జిగట మట్టి, గొయ్యి తీస్తే అది గిన్నె అయి కూర్చుంటుంది. మొదటిసారి ఇసుక వేయకుండా పాతిన మూడు దుంగలు నీళ్లలో నిలబడి అడుగున నల్లగా కుళ్లిపోయాయి. తేమ కావాలి, నిలవ నీరు వద్దు. మీది ఇసుక నేల అయితే ఈ గొడవ లేదు, నేరుగా పాతేయండి.

పడుకోబెట్టి పాతడం: నేల మరీ త్వరగా ఆరిపోయే చోట ఇది మేలు. దుంగ సగం మందం లోతు కాలువ తీసి, దుంగల్ని పక్కపక్కన పడుకోబెట్టి, సందుల్లో చెక్కపొట్టు నింపండి. పై సగం బయటికి కనిపిస్తూ ఉండాలి. దీంట్లో తేమ బాగా నిలుస్తుంది, కాకపోతే పుట్టగొడుగుల నిండా మట్టి, నత్తలు కూడా ఎక్కువ.

7. మైటాకే: మొత్తం పాతేసే పద్ధతి

ఇది రెండో ఏడాది పని, మొదటి ఏడాది దీని జోలికి పోకండి.

మైటాకే పచ్చి దుంగలో వేరే బూజులతో పోటీ పడలేదు. అందుకని ఓక్ దుంగని ఆరంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, గంటకి తక్కువ కాకుండా ఉడికించి, వేడి తట్టుకునే గాలి వడపోత ఉన్న సంచిలో పెట్టి, చల్లారాక శుభ్రమైన చేతులతో పొట్టు విత్తనం కలిపి మూతి కట్టాలి. మూడు నాలుగు నెలలు ఇంట్లో ఓ మూల ఉంచితే ముక్క మొత్తం తెల్లటి దుప్పటి కప్పుకున్నట్టు అవుతుంది. తెలుపు కాక పచ్చ, నలుపు కనిపిస్తే ఆ సంచి బయట పారేయండి, ఇంట్లో విప్పకండి.

తెల్లబడ్డ ముక్కల్ని నాలుగైదు ఒకదానికొకటి ఆనేలా గుంటలో పేర్చి, పైన అంగుళం రెండంగుళాల మట్టి, దాని మీద రాలిన ఆకులు కప్పండి. విడివిడిగా కాకుండా దగ్గరగా పెడితే అవి కలిసిపోయి పెద్ద గుత్తి కాస్తాయి. కాసేది శరదృతువులో, అది కూడా రెండేళ్లు పట్టొచ్చు. ఆ చోట జెండా పాతండి, లేకపోతే గడ్డి కోసేవాళ్లు మిషన్ ఎక్కించేస్తారు.

8. చెట్టు మొద్దు మీద

మొద్దు ఎంత తాజా అయితే అంత మంచిది. కొట్టి ఏడాది దాటితే వదిలేయండి.

ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చెట్టు కొట్టినవాళ్లు మొద్దుకి మందు పూశారా? మా స్వీట్‌గమ్ మొద్దు పైన నీలం రంగు చుక్కలు కనిపిస్తే ఏదో గుర్తు పెట్టుకున్నారనుకున్నాను. మళ్లీ చిగురు వేయకుండా పూసే కలుపు మందు అది, పూసిన చోటు తెలియడానికి రంగు కలుపుతారట. తినే పంటకి ఆ మొద్దు పనికిరాదు. ఇప్పుడు చెట్టు కొట్టించే ముందే చెప్పేస్తున్నాను, మందు పూయొద్దని, మొద్దు అడుగున్నర ఎత్తు వదలమని.

మేకుల పద్ధతి: పైముఖం మీద బెరడుకి లోపలగా, తెల్ల చెక్క వలయంలో మాత్రమే, మూడు నాలుగు అంగుళాలకొకటి బెజ్జాలు వేయండి. మధ్య చేవలో వేయడం మేకులు దండగ. తర్వాత పక్కల చుట్టూ, ముఖ్యంగా నేలకి దగ్గరగా, వేళ్లు ఉబ్బి కనిపించే చోట. పన్నెండు అంగుళాల మొద్దుకి నలభై యాభై మేకులు. అన్నిటికీ మైనం.

బిళ్ల పద్ధతి: చైన్‌సా చేతిలో ఉన్నవాళ్లకి ఇదే సులువు. మొద్దు పైనుంచి రెండంగుళాల బిళ్ల కోసి పక్కన పెట్టండి. కోసిన ముఖం మీద పొట్టు విత్తనం అర అంగుళం మందాన పరచండి. బిళ్లని తిరిగి అదే వరసలో పెట్టి నాలుగు ఇనుప మేకులు కొట్టండి. మైనం అక్కర్లేదు.

రెండు పద్ధతుల్లోనూ పైన ఆకులో, తడి గోనెపట్టానో కప్పండి. చిగుళ్లు వస్తే ఎప్పటికప్పుడు తుంచేయండి. చిగురు వస్తోందంటే మొద్దు బతికే ఉంది, బతికున్న కట్టెలో మైసీలియం పాకడం కష్టం.

మొద్దుకి ఓపిక కావాలి. ఆయిస్టర్‌కి కూడా ఏడాది నుంచి రెండేళ్లు, పెద్ద ఓక్ మొద్దు అయితే ఇంకా ఎక్కువ.

9. దొంతర: డ్రిల్లు లేని వాళ్లకి

ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల లావు దుంగలు దొరికితే అడుగున్నర పొడవు ముక్కలు రెండు, పైన మూతకి రెండంగుళాల బిళ్ల ఒకటి కోయండి. పెద్ద కాగితం సంచి (ఆకులు ఎత్తేది) నేల మీద పెట్టి, అడుగున పిడికెడు పొట్టు విత్తనం, దాని మీద ముక్క, మళ్లీ విత్తనం, మళ్లీ ముక్క, మళ్లీ విత్తనం, పైన బిళ్ల. సంచి మూతి కట్టండి. నీడలో నాలుగు నెలలు కదపకండి. తర్వాత సంచి తీసేసి, అడుగు ముక్కని మూడు నాలుగు అంగుళాలు నేలలోకి దించండి. ఆయిస్టర్, లయన్స్ మేన్ రెండూ దీంట్లో బాగా వస్తాయి. మా ఇంట్లో అన్నిటికన్నా ముందు కాసింది ట్యూలిప్ పాప్లర్ దొంతరే, తొమ్మిదో నెలలో.

10. నీళ్లు, ఎదురుచూపు

వారానికి అంగుళం వాన పడితే మీరేం చేయక్కర్లేదు. పడకపోతే వారానికి ఒకసారి, రెండు గంటల పాటు, పైపు సన్నగా వదిలి దుంగల మొదట్లో, పైనా తడపండి. రోజూ కొంచెం కొంచెం చల్లడం తప్పు: బెరడు ఎప్పుడూ తడిగా ఉండి పచ్చబూజు పడుతుంది, లోపల మాత్రం ఎండిపోతుంది. తడిపిన తర్వాత బెరడు ఆరాలి, లోపల చల్లగా బరువుగా ఉండాలి.

నేలలో పాతకుండా ఉంచిన షిటాకే దుంగలకి ఒక సౌకర్యం ఉంది. ఏడాది దాటాక ఒక డ్రమ్ములో ఓ పగలు, ఓ రాత్రి నానబెట్టి తీస్తే వారం పదిరోజుల్లో బెరడు పగిలి బుడిపెలు వస్తాయి. తర్వాత కనీసం రెండు నెలలు విశ్రాంతి ఇవ్వాలి.

బతికుందా లేదా అని మేకు పీకి చూడకండి. పై చివర చూడండి: తెల్లగా మచ్చలు మచ్చలుగా, చారలుగా కనిపిస్తే పని జరుగుతోంది. ఆయిస్టర్, షిటాకే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర, లయన్స్ మేన్ ఏడాది నుంచి రెండేళ్లు.

11. కోసేముందు: ఇది మనం పెట్టిందేనా?

మీరు ఆయిస్టర్ విత్తనం పెట్టారు కాబట్టి ఆ మొద్దు మీద వచ్చేదంతా ఆయిస్టర్ కాదు. ఒక నవంబర్‌లో మా పాతిన దుంగ మొదట్లో, నాచులో, గోధుమరంగు చిన్న గొడుగులు ఐదారు వచ్చాయి. కాడకి సన్నటి ఉంగరం. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. నల్ల కాగితం, తెల్ల కాగితం పక్కపక్కన పెట్టి, గొడుగు కోసి దాని మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి తెల్ల కాగితం మీద తుప్పు రంగు పొడి (గొడుగు కింద నుంచి రాలే బీజాల పొడి). ఆయిస్టర్ పొడి తెలుపు, లేదా లేత ఊదా తిరిగిన బూడిద రంగు. షిటాకేది తెలుపు. ఆ తుప్పు రంగు చూశాక చేతులు కడుక్కుని అన్నీ చెత్తలో పడేశాను. కట్టె మీద వచ్చే గాలెరీనా అనే కుక్కగొడుగు సరిగ్గా ఇలాగే ఉంటుంది, కాలేయాన్ని చంపేస్తుంది. నమెకో అనే ఇంకో కట్టె పుట్టగొడుగుని కొత్తవాళ్లకి వద్దనేది కూడా ఇందుకే: దాని పొడి కూడా గోధుమ రంగే, పోల్చుకోవడానికి ఆ తేడా దొరకదు.

- ఆకారం, కింది చారలు, కాడ, పొడి రంగు, నాలుగూ సరిపోతేనే వంటింట్లోకి.
- వెండి చెంచా నల్లబడడం, వెల్లుల్లి రంగు మారడం లాంటి పరీక్షలు ఏమీ తేల్చవు.
- మొదటిసారి తెలిసినవాళ్లకి చూపించండి. గ్రీన్స్‌బరోలోని నార్త్ కరోలినా ఏ అండ్ టీ యూనివర్సిటీ ఏళ్లుగా రైతులకి దుంగల సాగు నేర్పిస్తోంది, ఇక్కడి వాళ్లు అక్కడ అడగొచ్చు.
- అనుమానంగా ఏదైనా తిన్నారా, లక్షణాల కోసం ఆగొద్దు. గాలెరీనా విషం ఆరు గంటలు, పన్నెండు గంటలు దాటాక గానీ బయటపడదు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్: 1-800-222-1222.

కోత విషయానికొస్తే, షిటాకే అంచు ఇంకా లోపలికి ముడుచుకుని ఉండగా, ఆయిస్టర్ అంచు పైకి లేవకముందు, లయన్స్ మేన్ తెల్లగా ఉండి దానికి వేలాడే ముళ్లు పావు అంగుళం దాటాక. పసుపు తిరిగితే ఆలస్యమైనట్టే. షిటాకేని బాగా ఉడికించి తినండి. సగం ఉడికినది తింటే కొందరికి ఒళ్లంతా కొరడాతో కొట్టినట్టు దద్దుర్లు వస్తాయి.

12. ఏం తప్పిందో, ఏం చేయాలో

- మైనం దగ్గర పచ్చబూజు: ఎక్కువ తడి, తక్కువ గాలి. నీళ్లు తగ్గించండి. లోపల మైసీలియం బలంగా ఉంటే అదే అణచేస్తుంది.
- దుంగ మీద పల్చటి రంగుచారల విసనకర్రలు: టర్కీ టెయిల్ అనే వేరే శిలీంధ్రం. ఒకటి రెండు చోట్లయితే పట్టించుకోకండి. సగం కప్పేస్తే మీ పుట్టగొడుగు ఓడిపోయింది, ఆ దుంగని మిగతావాటికి దూరంగా పెట్టండి.
- బుడిపెలు వచ్చి ఎండిపోయాయి: గాలి. బుడిపె కనపడగానే పల్చటి తడిబట్ట గుడారంలా కప్పండి, తగలకుండా.
- నత్తలు: చీకటిపడ్డాక టార్చి వేసుకుని ఏరడమే. మూతలో కాస్త బీరు పోసి పెట్టినా వచ్చి పడతాయి.
- జింకలు: అవి షిటాకే రుచి మరిగితే మీకేం మిగలదు. వల కట్టండి.
- రెండేళ్లయినా ఏమీ లేదు: దుంగ ఎత్తి చూడండి. బెండులా తేలిగ్గా ఉంటే ఎండి చచ్చింది. బరువుగా, చివర తెల్లగా ఉంటే ఇంకో వానాకాలం ఆగండి.

13. ఇండియాలో ఉన్నవాళ్లకి

ఇదంతా మా చలి, మా వానల లెక్క. ఎండలు 40 దాటే చోట బయట పెట్టిన షిటాకే దుంగ ఒక్క మే నెల కూడా బతకదు, దాని కోసం డబ్బులు తగలేయకండి. మైదానాల్లో వరిగడ్డి సంచుల్లో ఆయిస్టర్, ఎండాకాలం పాల పుట్టగొడుగు చాలా మేలు. పాల పుట్టగొడుగుకి 30–35 డిగ్రీలంటే ఇష్టం. విత్తనానికి బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థనో, సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంస్థనో అడగండి. మామిడి మొద్దు మీద సరదాగా చూడాలంటే, వేడి తట్టుకునే గులాబీ రంగు ఆయిస్టర్‌ని తొలకరిలో బిళ్ల పద్ధతిలో పెట్టి చూడండి. మొద్దు తాజాది కావాలి, చెదలు పట్టనిది కావాలి. పెట్టుబడి ఒక సంచి విత్తనం, అంతకుమించి ఖర్చు పెట్టకండి.

14. దుంగ పనయ్యాక

దుంగ ఎన్ని అంగుళాల లావో సుమారు అన్నేళ్లు కాస్తుంది, మెత్తటి కట్టె అయితే ఇంకా తక్కువ. వేలితో నొక్కితే స్పాంజిలా దిగిపోయి, బెరడు రాలిపోతుంటే అయిపోయినట్టు. చీటీ పీకి డబ్బాలో వేసుకోండి, దుంగని పారతో పొడిచి పొడి చేసి కూరగాయల మళ్లలో పరచండి. పోయినేడు మా వంకాయ మొక్కల కింద వేసింది అదే. జూన్‌లో ఆ పొట్టులోంచే ఒక చిన్న ఆయిస్టర్ గుత్తి వచ్చింది, పొడి రంగు చూశాకే వండాను.